వేలమును ఆనవాలును

ఏ యింటనైనను అటకమీద కొన్ని వస్తువులుండును. తెగిన ఊయెల గొలుసు, మూతలేని యిత్తడి డబ్బా, తాతగారి చేతికఱ్ఱ, ఎవరో యెప్పుడో ఆటలపోటీలో గెలుచుకొని వచ్చిన గిన్నె. పండుగకు ఇల్లు దులుపునప్పుడు వానిని క్రిందికి దింపుదుము. దుమ్ము తుడిచి మరల పైకెక్కింతుము. ఒక్కొక యేడు పాత సామానులు కొనువాడు వీధిలో కేకవేయగా వానిని త్రాసులో వైచి, వచ్చిన డబ్బుతో నొక స్టీలు గిన్నె కొందుము. ఇది తప్పని చెప్పుటకు మేమీ వ్యాసమును వ్రాయుటలేదు. ఇల్లు ప్రదర్శనశాల కాదు. కాని యే వస్తువు త్రాసున కెక్కదగినదో, యేది వేలమున కెక్కదగినదో, యేది పెట్టెలోనే యుండదగినదో నిర్ణయించునది ఇల్లాలు. ఆ నిర్ణయమునకు కొంత తెలివిడి కావలయును.

మేము రామకృష్ణాపూరులో నుందుము. మంచిర్యాల జిల్లాలో సింగరేణి గనుల నడుమ వెలసిన యూరిది. మా వారు బడిపంతులు. మేము బడికి పోయినవారము కాము. తండ్రిగారి యొద్ద భారత భాగవతములును, కొన్ని కావ్యములును చదువుకొన్నవారము. అట్టి మాకు వేలముల సంగతి యేల యని చదువరులకు తోచవచ్చును. కారణము ముందు చెప్పెదము.

వేలమనగా నేమో యెఱుగని స్త్రీ మన దేశమున లేదు. ఆ మాట పోర్చుగీసువారి భాషనుండి మనకు వచ్చినదని పండితులు చెప్పుదురు. మాట పరదేశపుదైనను పని మన యింటిదే. ప్రతినెల మన వీధులలో జరుగు చీటిపాట వేలము గాక మఱేమి? అయితే అది విపరీతపు వేలము. ఎవతెకు డబ్బు మిక్కిలి యవసరమో ఆమెయే యెక్కువ తగ్గింపునకు పాడి, అందఱికంటె తక్కువ తీసికొని పోవును. మిగిలినది తక్కినవారు పంచుకొందురు. వినాయకచవితి వేడుకలలో లడ్డును వేలము వేయుట వేఱొక తీరు. హైదరాబాదు చెంతనున్న బాలాపూరులో 1994లో మొదటిసారి లడ్డును పాడినప్పుడు దానికి పలికిన వెల 450 రూపాయలు. అదే బాలాపూరు లడ్డు 2024లో ముప్పది లక్షల పైచిలుకు పలికినది. పిండియు చక్కెరయు అంత వెల చేయునా? వెల లడ్డునకు గాదు. దాని చుట్టును అల్లుకొన్న గౌరవమునకు. పాతవస్తువుల వేలమునకు మూలసూత్రమిదియే.

ఈ గౌరవమునకు మన పెద్దలొక చక్కని మాట పెట్టియున్నారు. అది ‘ఆనవాలు’. హనుమంతుడు లంకలో సీతమ్మ చేతికిచ్చిన యుంగరము ఎన్ని తులములని యెవరును అడుగరు. అది రాముని వ్రేలిదని తెలియుటయే దాని వెల. సీతమ్మ తిరిగి పంపిన చూడామణియు నట్టిదే. శకుంతల వ్రేలినుండి జాఱిన యుంగరము చేప కడుపున దొరకినప్పుడు, పల్లెవానికి అది అమ్ముకొనదగిన బంగారము మాత్రమే. దుష్యంతునకో, మఱచిన జీవితమంతయు తిరిగివచ్చినది. వస్తువొక్కటే, చూచిన కన్నులు వేఱు. నేడు గొప్ప వేలపుటిండ్లలో వస్తువు ముందు దాని చరిత్రపత్రము నడుగుదురు. అది యెవరి చేత నుండెను, ఎవరినుండి యెవరికి వచ్చెను, దానికి సాక్ష్యమేమి యని. ఆ పత్రమున్న వస్తువునకు ఒక వెల, లేని వస్తువునకు మఱొక వెల. ఆనవాలే సగము వస్తువు.

పడమటి దేశములలో కెల్టులను ప్రాచీన జాతివారి వస్తువులనిన సేకరించువారికి మిక్కిలి మోజు. ఐర్లాండు, స్కాట్లాండు, వేల్సు మొదలగు సీమలలో ఆ జాతి భాషలును ఆచారములును నేటికిని నిలిచియున్నవి. వారి శిల్పమును చూచిన తెలుగింటి ఆడుపడుచునకు అది పరాయిదిగా తోచదు. మొదలు తుది తెలియకుండ ఒక గీత మఱొక గీత క్రిందుగా పైగా దూఱి అల్లుకొనిపోవు అల్లిక వారి శిలువలమీద, నగలమీద, గ్రంథముల పుటలమీద కానవచ్చును. అది మనము చుక్కల చుట్టును త్రిప్పు మెలికల ముగ్గు వంటిది. వారి నగలలో ప్రసిద్ధమైనది ‘టారా’ పిన్ను. వస్త్రమును భుజముకడ బిగించుకొను ఆ నగ పండ్రెండు పదుమూడు వందల యేండ్ల నాటిది. 1850లో ఐర్లాండు సముద్రతీరమున బెట్టీస్‌టౌను చెంత దొరకినది. దొరకిన బీదరాలు దానిని పాత ఇనుము కొనువానికి చూపగా, ఇంత తేలికైన వస్తువు తనకేల యని వాడు కొనలేదట! పిమ్మట నొక గడియారములవాడు దానిని కొని, తుడిచి, డబ్లినుకు కొనిపోయి, తానిచ్చిన పెన్నీలెన్నియో దాదాపు అన్ని పౌనులకు అమ్మెనని చెప్పుదురు. కొన్న నగలవర్తకుడు వాటర్‌హౌసు దానికి ప్రాచీన రాజుల కొండయైన టారా పేరు పెట్టి, నకళ్లు చేయించి అమ్ముకొనెను. ఆ కొండకును ఆ నగకును ఏ సంబంధమును లేదు. నేడా నగ డబ్లినులోని జాతీయ ప్రదర్శనశాలలో నున్నది. త్రాసువాని మాట నమ్మరాదనుట ఇందొక పాఠము. వర్తకుడు పెట్టిన పేరును నమ్మరాదనుట రెండవది.

ఇంతదూరపు సీమల మాట బొగ్గుగనుల యూరిలో నుండు మాకేల? ఆ సీమకును మా నేలకును ఒక దారము కలదు గనుక. 1871లో ఇల్లెందు చెంత బొగ్గున్నదని కనిపెట్టిన భూగర్భశాస్త్రజ్ఞుడు విలియము కింగు. ఆయన తండ్రి, అదే పేరుగల విలియము కింగు, ఐర్లాండులోని గాల్వే కళాశాలలో ఆచార్యుడు. నియాండర్తలు మానవునికి 1864లో శాస్త్రీయ నామమిచ్చినది ఆ తండ్రియే. తండ్రి పాతయెముకకు పేరు పెట్టెను. కుమారుని పేరు మా బొగ్గుపొరకు వచ్చినది. ఆ కనిపెట్టుటవలన 1889లో త్రవ్వకము మొదలై, 1920లో సింగరేణి కంపెనీ యేర్పడి, నేడు గోదావరి రెండు దరుల ఇన్ని యూళ్లు, ఇన్ని పొయ్యిలు వెలుగుచున్నవి.

ఇక మా యనుభవము. మా పొరుగున నొక పెద్దమ్మ యున్నది. ఆమె పెనిమిటి గనిలో సర్దారుగా పనిచేసి కాలము చేసెను. సర్దారులు గాలి పరీక్షకై మంటదీపమును చేతబట్టుకొని లోనికి పోవుదురు. చెడ్డవాయువున్నచోట మంటపై నీలిరంగు టోపీవలె వెలుగు లేచును; ప్రాణవాయువు తగ్గినచోట మంట సన్నగిల్లును. మంటచుట్టు సన్నని తీగజల్లెడ యుండుటచే ఆ మంట వెలుపలి వాయువునకు అంటుకొనదు. ఇట్టి దీపమును 1815లో హంఫ్రీ డేవీ కల్పించెను. అంతకు రెండేండ్లు ముందే ఐర్లాండువాడైన క్లానీ యను వైద్యుడు మఱొక తీరు దీపమును చేసియుండెను. ఎందఱి పసుపుకుంకుమలను ఆ జల్లెడ కాపాడెనో లెక్కపెట్టగలవారు లేరు.

పనికిరాని సామానును గనివారు వేలము వేసినప్పుడు ఆ సర్దారు ఒక పాతదీపమును పాడి కొనుక్కొని, రసీదుతో గూడ ఇంట దాచుకొనెనట. దానితోపాటు, యౌవనమున బంతియాటలో తన జట్టు గెలిచిన చిన్న కప్పొకటి యుండెను. ఈ యేడు మనుమరాలికి నర్సు చదువులో చోటు దొరకినది. ముందుగా ఇరువదివేలు కట్టవలయును. కుమారుడు కాంట్రాక్టు కూలి. ఆతడు దీపమును కప్పును త్రాసున కెక్కింప నెంచెను. పెద్దమ్మ వానిని కొంగున చుట్టుకొని మా యింటికి వచ్చి, “ఇత్తడి బరువుకే పోతదంటున్నరు బిడ్డా, జెర నువ్వొకసారి చూడు” అనెను.

మేమును మా వారును భూతద్దము పెట్టి చూచితిమి. దీపముపై చిన్న ఇత్తడి పలక. దానిమీద ‘థామస్ అండ్ విలియమ్స్, అబర్‌డేర్’ అను పేరు, క్రింద సంఖ్య. అబర్‌డేరు వేల్సుసీమలోని ఒకప్పటి బొగ్గుగనుల పట్టణము. ఆ కార్ఖానా దీపములకు కేంబ్రియన్ దీపములని పేరు. కేంబ్రియా యనగా వేల్సునకు ప్రాచీన నామము. కెల్టుల నాటి గని యూరినుండి కదలి, సముద్రములు దాటి, తెలుగు సర్దారు చేతిలో వెలిగి, నేడొక వంటింటి కొక్కెమునకు వ్రేలాడు దీపమది!

అయినను ఆనందమున తెలివి కోల్పోరాదు. ఈ దీపములు వేలకొలది తయారైనవి. అలంకారమునకై చేసిన నకళ్లును బజారులలో కొల్లలు. లోపల జల్లెడ యున్నదా, తాళము పనిచేయునా, మసి నిజముగా పట్టియున్నదా, సంఖ్య చెక్కినదా, పైపైన నద్దినదా యని చూడవలయును. పెద్దమ్మ దీపము అసలుదే. మా వారు చిత్రములు తీయించి నగరమునందలి యొక పాతవస్తువుల వర్తకునికి వ్రాసిరి. ఆయన మర్యాదగా బదులు వ్రాసెను. త్రాసువాడు ఏడెనిమిది వందలు చెప్పిన వస్తువునకు వేలమున నాలుగువేల వఱకు రావచ్చును. అందులో వేలమువారి రుసుము పోవును. కనీసపు వెల పెట్టినచో అమ్ముడుపోకయు నుండవచ్చును. కప్పునకు వెండిపూతయే గాని వెండి లేదు. దానిపై జట్టు పేరు తప్ప మనిషి పేరు లేదు గనుక కొనువారుండరు. ఇదియే నిజము. వేలపుటిండ్ల గుఱించి పత్రికలలో వచ్చు కోట్ల కథలు మన యటకలకు వర్తింపవు. అట్లని త్రాసువాని లెక్కయు సరిగాదు.

కప్పునకు వెల లేదనగానే కుమారుడు దానిని పాఱవేయవచ్చుననెను. అప్పుడు మా వారు ఆతనికి మహమ్మదు సలీము కథ చెప్పిరి. సలీము కలకత్తావాడు, అక్కడి లీగులో 1934 మొదలు వరుసగా గెలిచిన మహమ్మదన్ స్పోర్టింగు జట్టులో నాడినవాడు. 1936లో స్కాట్లాండునకు పోయి, గ్లాస్గోలో ఐర్లాండు వలసవారు స్థాపించుకొన్న ‘సెల్టిక్’ జట్టు తరఫున బూట్లు లేకుండ, పాదములకు గుడ్డ చుట్టుకొని యాడెను. ఆ జట్టు పేరే కెల్టుల పేరు. జట్టు శిక్షకుడు జిమ్మీ మెక్‌మెనెమీ ముందు వంగి నల్లవాని పాదములకు తన చేతులతో కట్టు కట్టుచున్న ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది. ఆ కాలమున తెల్లవాడు మనవాని పాదము ముట్టుటయే యొక వార్త. సలీమునకు ఇంటిపై బెంగ పుట్టి త్వరలోనే తిరిగివచ్చెను. ముదిమిలో ఆయనకు జబ్బు చేయగా, తండ్రిని ఆ జట్టు మఱచెనో లేదో తెలిసికొనుటకై కుమారుడొక జాబు వ్రాసెను. బదులుగా నూఱు పౌనుల బ్యాంకు డ్రాఫ్టు వచ్చినది. ఆ కుమారుడు దానిని మార్చుకొనలేదు, ప్రాణమున్నంతవఱకు దాచుకొందుననెను. మార్చినచో నూఱు పౌనులు. దాచినచో తండ్రిని లోకము మఱవలేదనుటకు ఆనవాలు.

మా వారు అంతటితో నాగక, తమ వృత్తివాని మాటయు చెప్పిరి. హైదరాబాదువాడైన సయ్యదు అబ్దుల్ రహీము మొదట బడిపంతులే. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది; భారత జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకములు పొందినది. మరుసటి యేడే, 1963లో, ఆయన పరలోకగతుడయ్యెను. పెక్కేండ్లు జనులాయనను మఱచియుండిరి. తెలుగు కుటుంబమున బుట్టిన సి. కె. నాయుడుగారు 1926లో బొంబాయిలో ఇంగ్లండునుండి వచ్చిన జట్టుపై పదునొకండు సిక్సరులతో 153 పరుగులు తీయగా, ప్రత్యర్థులే ఆయనకు వెండిబ్యాటు బహూకరించిరి. ఓడింపవచ్చినవారు మెచ్చి యిచ్చిన వస్తువునకు తూనిక యెవరు వేయగలరు? ఆటవస్తువుల గౌరవమంతయు ఇందున్నది. కప్పు లోహము గాదు. ఒక సాయంకాలము ఒక ఊరి జనమంతయు వేసిన కేక.

రాజుల వస్తువులకును ఈ న్యాయమే. జాకబు వజ్రము 184 క్యారెట్లకు పైబడినది. ఆఱవ నిజాము దానిని లక్ష్యపెట్టకపోగా, ఏడవ నిజాము తండ్రి పాదరక్ష ముక్కులో దానిని కనుగొని, కాగితములపై బరువుగా వాడుకొనెనని చెప్పుదురు. ఆ వంశపు నగలు విదేశపు వేలములకు పోవునట్లుండగా, పెక్కేండ్ల వ్యాజ్యముల పిమ్మట 1995లో భారత ప్రభుత్వము 173 నగలను 218 కోట్లకు కొన్నది. కొన్ని మాత్రము అంతకు ముందే చేజాఱినవి. గోలకొండ గని వజ్రమైన ‘ప్రిన్సీ’ 1960లో లండను వేలమున అమ్ముడుపోయి, 2013లో న్యూయార్కు వేలమున మూడుకోట్ల తొంబది లక్షల డాలర్లకు పైగా పలికినది. మూడవ సాలార్జంగు జీవితమంతయు సేకరించి 1949లో సంతానము లేక మరణింపగా, ఆయన వస్తువులు వేలమున చెదరిపోక 1951లో ప్రజల ప్రదర్శనశాలయైనవి. నేడు పల్లెపిల్లలును వానిని చూచుచున్నారు.

ఇక పెద్దమ్మ సంగతి. దీపమమ్మినను చదువునకు చాలదని తేలినది. అప్పు చేసిన వడ్డీ. ఇరువదిమంది స్త్రీలము నెలకు వేయిచొప్పున వేయుచున్న చీటిలో ఆమెయు సభ్యురాలు. ఆ నెల పాట మా యింటి వసారాలోనే జరిగినది. అవసరము పెద్దది గనుక ఆమె నాలుగువేలు తగ్గించుకొనియైనను పాడుటకు సిద్ధపడి వచ్చెను. మొదట ఆమెచేత నూఱు రూపాయలకు పాడించితిమి. ఒకటవసారి, రెండవసారి, మూడవసారి యని పిలిచినను ఎవరును నోరు మెదపలేదు. డబ్బు అవసరమైనవారు ఇంక నిద్దఱు అందుండిరి, వారును పాడలేదు. పిమ్మట ఆ నూఱును వలదని అందఱు ననిరి. పెద్దమ్మ ఇరువదివేలును తీసికొనిపోయి మఱునాడు మనుమరాలి రుసుము కట్టివచ్చెను. ప్రతినెల తన పింఛనులోనుండి చీటి కట్టుచున్నది. దీపము కొక్కెమునకే యున్నది.

అమ్మినచో తప్పయ్యెడిదా యని యెవరైన నడుగవచ్చును. కాదు. మనుమరాలి చదువునకై దీపమమ్ముట ఆ సర్దారునకును సమ్మతమే యయ్యెడిది. అన్నము లేనిచోట ఆనవాలును పూజింపుమనుట నిండినవారు చెప్పు నీతి. అమ్మవలసివచ్చిన, దాని నిజమైన వెల తెలిసి యమ్ముకొనుట మన హక్కు. అమ్మకుండ గడచుదారి ఇరుగుపొరుగున దొరకిన, అది మన భాగ్యము.

సోదరీమణులకు కొన్ని మాటలు చెప్పి ముగింతుము. మీ యింటి ప్రతి పాతవస్తువునకును ఒక చీటీ వ్రాసి కట్టుడు. ఎవరిది, ఎప్పటిది, ఎట్లు వచ్చినది, ఎవరు చెప్పిరి. రసీదులు, జాబులు, ఛాయాచిత్రములు వస్తువుతోనే యుంచుడు. ఇత్తడికి చింతపండు పెట్టి పాతమెఱుగును పోగొట్టకుడు, అక్షరములున్నచోట తోమకుడు. త్రాసువాడు తొందరపెట్టిన ఒక దినము గడువడుగుడు. నూఱేండ్లు దాటిన వస్తువులను 1972 నాటి పురావస్తువుల చట్టము కాపాడుచున్నది. వానిని మన యిష్టమువచ్చినట్లు విదేశములకు పంపరాదు. కొన్ని తెగలను నమోదు చేయింపవలయును. ప్రాచీన విగ్రహము, చిత్రములున్న తాళపత్రము దొరకినచో మొదట పురావస్తుశాఖ నడుగుట క్షేమము.

పెద్దమ్మ మనుమరాలు సెలవులకు వచ్చినప్పుడు తాతగారి కథను తన చేతివ్రాతతో వ్రాసినది. ఏ గనిలో నెన్ని యేండ్లు దిగెను, ఏ రాత్రి మంటపై నీలివెలుగు చూచి తోడివారిని వెనుకకు మఱలించెను, ఏ పోటీలో కప్పు గెలిచెను, దీపమును వేలమున నెంతకు పాడెను. నానమ్మ చెప్పుచుండగా మూడు పుటలు నిండినవి. పెద్దమ్మకు చదువు రాదు. ఆ కాగితమును రసీదుతో గలిపి మడిచి కప్పులో నుంచి, పైన మూత పెట్టుకొన్నది.